ముఖం పడకూడదు

నేను ప్రాంప్టర్ తిప్పేవాణ్ణి.
సిరిపురంలో పళ్ళ డాక్టరు క్లినిక్ మీది అంతస్తులో
పద్దెనిమిదేళ్ళు
ఆమె చదవబోయే మాటని
ఆమెకంటే ఒక్క క్షణం ముందు చూసినవాణ్ణి.

తెర మీద పేరు రత్న.
జీతాల రిజిస్టరులో సూరాడ నూకరత్నం.
మొదట్లో కేబుల్లో పూర్ణా మార్కెట్ ధరలు చదివేది:
వంకాయ ఎంత, బీర ఎంత.
తర్వాత బంగారం. ఆ తర్వాత బొంబాయి సూచీ.
సూచీ అంటే ఏమిటని నన్నే అడిగింది.
నాకేం తెలుసు!
డాబాగార్డెన్స్‌లో షేర్ల బ్రోకరు పట్నాయక్ గారి దగ్గరకి వెళ్ళాం.

అక్కడ టీవీలో, లండన్ నుంచి, ఒకావిడ.
వెండి జుట్టు, నీలం కోటు.
పౌండు కూలిపోతున్న కబురు
టీ చల్లారిందన్నట్టు చెబుతోంది.
నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.
రత్న ఆ పెదాలకేసే చూస్తూ
"ధర పడినా ముఖం పడలేదు, చూశావా" అంది.

అదే ఆమె చదువు.
రోజూ మధ్యాహ్నం ఆ మూలబల్ల మీద కూర్చుని
శబ్దం తగ్గించి ఆవిణ్ణి చూసేది.
గడ్డం ఎత్తడం, కాగితాలు సర్దడం,
ప్రకటనలకి ముందు ఆ అరనవ్వు,
అన్నీ థేమ్సు ఒడ్డు నుంచి తెచ్చుకుంది.
యాస సంగతి మాత్రం తనే చూసుకుంది,
చేప పొలుసు గీకినట్టు గీకేసుకుంది.

తల్లి పోలమ్మ ఫిషింగ్ హార్బర్లో పాట పాడేది.
పాటంటే వేలం పాట.
తెల్లారగట్ల నాలుగింటికి
వంజరం గంప ఎనిమిదొందలు, తొమ్మిది, వెయ్యి!
పెరిగితే ఒక అరుపు, పడితే ఒక అరుపు,
ముఖమంతా ధరే ఆవిడకి.
కూతుర్ని టీవీలో చూసి ఒకే మాటంది:
"ఏటే గుంటా, సరుకు సూపించకుండా ధర సెప్తావేటి?"

నీలితీరం ఫైనాన్స్ లాభాలు వచ్చిన రోజు
ఆ మాట గుర్తు రావాల్సింది. రాలేదు.
నేనే తిప్పాను: నమ్మకం, నిలకడ, పద్నాలుగు శాతం.
ఆమె చదివింది. డబ్బు పెట్టమని చదవలేదు, నిజమే.
మర్నాటికి జాలారిపేటలో
వలల డబ్బు, పుస్తెల డబ్బు,
ఇంజను మార్చడానికి దాచిన డబ్బు
"మన రత్నం సెప్పింది" అంటూ బయల్దేరింది.

ఏడాది తిరిగాక ఆఫీసుకి తాళం.
ఆ రాత్రి బులెటిన్లో
కంపెనీ పేరు దగ్గర నా వేలు ఆగింది.
ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.
పదం నిలిచిపోయింది, ఆమె నిలిచిపోయింది.
నాలుగు క్షణాలు.
ప్రత్యక్ష ప్రసారంలో నాలుగు క్షణాలంటే
డాల్ఫిన్స్ నోస్ దాటి ఓడ మాయమయ్యేంత.
అప్పుడు చూశాను,
కంటి కింద కొంచెం, గడ్డం దగ్గర కొంచెం,
ముఖం పడింది.
"మా ఈదోల డబ్బు ఎలిపోనాది" అంది.
నేను తిప్పిన వాక్యం కాదది.

తర్వాత నోటీసు, కొన్నాళ్ళు వాతావరణం, తర్వాత అదీ లేదు.
లండన్ ఆవిడ కూడా ఆ ఏడే మానేసిందిట,
స్టూడియోలో కేకు కోశారని పట్నాయక్ గారు చెప్పారు.

ఇప్పుడు సాయంత్రాలు వలలు ఆరేసే చోట
టార్పాలిన్ మీద కూర్చుని
వాళ్ళ క్లెయిము ఫారాలు నింపుతుంది.
అంకెలు పైకి చదివి వినిపిస్తుంది, మైకు లేకుండా.
తెడ్డు అప్పన్న ఆమెతో ఇంకా మాట్లాడడు.
కాగితం మాత్రం పంపుతాడు, మనవడి చేత.

నేనూ వెళ్ళి ఎదురుగా కూర్చుంటాను.
ఆమె చదువుతూంటే
నా బొటనవేలు, నాకు తెలీకుండానే,
గాల్లో తిప్పుతూంటుంది.