ఏడో పోస్టరు

మొదటి దాన్ల ఎర్రటి చుక్క ఒక్కటే గీసిన.
నాకది దానిమ్మ గింజ.
జిరాక్స్ షాపు జానయ్య చేతికి ఇస్తే
"రక్తదానమా? ఎన్నడు?" అన్నడు.

గింజను పండు చేసిన.
జహీర్ సార్ అద్దాలు నుదుటి మీదికి తోసి
"అక్షరాలు పెండ్లిపత్రిక లెక్క మెలికలు తిరుగుతున్నయ్,
ముందు వాటికి నిలబడుడు నేర్పు" అన్నడు.
నిలబెట్టిన.
నాగసైదులు ఏమనలే,
ఫోన్ల ఫోటో తీసి బొటనవేలంత చేసి చూపిండు:
పండుంది, ప్రదర్శన లేదు.
పేరు పెద్దగ రాసిన.
నాలుగో దాన్ల తేదీ మరిచిన.
ఐదోది
నాకే నచ్చలే.

ఆరోదాన్ని పట్టుకొని పొద్దుగాల్నే
గడియారం సెంటర్ గోడ మీద,
స్టూలెక్కి, మునివేళ్ల మీద లేచి అంటిస్తున్న.
కింద చీపురు చప్పుడు ఆగింది.

ఉప్పలమ్మ.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన మెడ,
మనిషి మోకాళ్లు దాటి పైకి లేవదు.
"అంత మీద ఏం పెడ్తున్నవ్ బిడ్డా?
నా అసొంటోళ్లకు చెప్పేది కాదా?"

స్టూలు దిగిన.
గమ్ము ఆరకముందే ఊడబీకి
ఆమె చీపురుకట్ట ఎత్తు కొలిచి అంటించిన.
చానాసేపు చూసింది.
చదువు రాదు, పండు దిక్కే చూసింది.
"మంచిగుంది గని
ఓ పక్క జర మచ్చ పెట్టు.
గింత నున్నటి పండు ఏ బండి మీద దొరుకుతది?"

ఏడోదాన్ల మచ్చ ఉంది.
ఊరంతా నడుమెత్తులనే అంటించిన.

జహీర్ సార్
మోకాళ్ల మీద చేతులు పెట్టి, వంగి
తేదీతో సహా చదివిండు.