నలభై మూడు

సువైక్ అవతల, ఖర్జూర తోట కొసకు రేకుల గది.
సముద్రం దిక్కుకెల్లి మబ్బు లేశి
పొద్దు పొడవంగనే గూకినట్టున్నది.

ఫోన్ల మెసేజి. సైఫుల్ సదివి చెప్పిండు:
ఇండ్లు ఇడిశి అందరు బడికి రావాల్నట.
ఇల్లంటె ఇదేనా, అన్న.
ఆయన నవ్వలే. చెప్పులు కవర్ల సుట్టుకుంటున్నడు.

అర్బాబు ఫోను ఎత్తుతలేడు.
రాత్రి చెప్పిందొక్కటే: పోశెట్టీ, మేకలు పైలం.
నలభై మూడు.
ఒక్కటి తక్కువైతె రెండు నెలల జీతం గోవిందా.
పాస్‌పోర్టు ఆయన బీరువల,
కార్డేమొ తేదీ దాటి ఏడాదాయె.
బడి గేటు కాడ పోలీసోడు ఉంటడా?
కార్డు అడుగుతడా, పానం సూస్తడా?

వాగుల ఇంకా దుమ్మే లేస్తున్నది.
మేకలు మాత్రం మేత ముడుతలేవు,
అన్ని గుట్ట దిక్కే మొకం వెట్టినయి.

గోదారి మీదికొచ్చిన ఏడు మా అవ్వ
బియ్యం మూట ముట్టలే, నన్ను లేపలే.
ముందుగాల బర్ల కాడికి ఉరికింది.
ముడి ఇప్పే తీరిక లేక
తలుగులు కొడవలితోని కోశింది.
నాకు శానా రోజులు కోపముండె.

పికప్ రెండుసార్లు హారన్ కొట్టింది.
బలూచి డ్రైవర్ తిట్టుకుంట గేరు మార్చిండు.
సైఫుల్ ఎనక ఎక్కి చెయ్యి చాపిండు.
నా చెయ్యి జేబులకు పోయింది,
దొడ్డి తాళం కోసం.

చెవి తెగిన ముసలి మేక ముందుగాల బయటికొచ్చింది.
నా దిక్కు సూడకుంటనే గుట్ట ఎక్కవట్టింది.
దానెనక తక్కినయి, ఎనక నేను,
లెక్కవెట్టుకుంట.

ముప్పై ఎనిమిది కాడ వాన మీదవడ్డది.
మల్ల ఒకటి కాడికెల్లి.