నీలం

తిరుపతి ఆస్పత్రిలో ఎకో గదికి కిటికీ లేదు.
ఎడం పక్కకి ఒరిగి పండుకోమంది నజీమా,
చెయ్యి తల కింద పెట్టుకోమంది.
జిగురు పూసింది, చల్లంగా,
ఐసుగదిలోంచి తీసిన గుజ్జు
రొమ్ము మీద ఒలికినట్టు.

ఇరవై ఏండ్లుగా చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో
కాయలేరేది నా పని.
బెల్టు మీద తోతాపురి పోతా ఉంటాది.
చేతులే చూస్తాయి, కండ్లు ఊరికే తోడు.
మెత్తంది, మచ్చది, తొడిమ కాడ కుళ్ళింది.
ఇది పోనీ. ఇది వద్దు.

ఈపొద్దు నన్నే బెల్టు మీద పండబెట్టినారు.

తెర మీద నా గుండె.
ఇంతేనా, అనుకున్నా.
తలుపు రెక్కలు రెండు
సంతలో కాళ్ళు కట్టిన కోడి మాదిరి
కొట్టుకుంటా ఉండాయి.
మీట నొక్కింది నజీమా, రంగులొచ్చినాయి.
ఎర్రది మన పక్కకొచ్చే నెత్తురంట,
నీలంది దూరం పొయ్యేదంట.
మూసుకోవాల్సిన తలుపు సందులోంచి
వెనక్కి చిమ్మింది నీలం.

మా పక్క నీలం కాయలు ఆఖర్న వస్తాయి,
తోతాపురి లారీలు తగ్గినాక.
చిన్నవి. వాసన మాత్రం ఈదంతా.
పైన మచ్చ ఉండదు, టెంకలో పురుగుంటాది.
"కోస్తే గానీ నమ్మద్దు దీన్ని"
అంటాడు మా మేస్త్రీ అంకిరెడ్డి.
కొయ్యకుండానే చూసేసిందీ బిడ్డ.

ఎనిమిదేండ్లప్పుడు గొంతు నొప్పి వచ్చి పోయింది.
ఆ ఎనక కీళ్ళు వాచినాయి,
ఒకనాడు ఈ మోకాలు, ఇంకోనాడు ఆ మోచెయ్యి.
మా నాయన మొగిలప్ప నన్ను బుజానేసుకోని
పుత్తూరు తీసుకపోయినాడు, కట్టు కట్టించను.
గుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు
అన్నీ సిద్ధంగా ఉండాయి.
కట్టే ఆయన వేళ్ళతో తడిమి చూసి
"ఎముక బాగుండాది నాయనా, ఇది నా పని కాదు" అన్నాడు.
దుడ్లు తీసుకోలా.
ఎవరి పనో ఆయనకీ తెలీదు.
వాపు దానంతటదే పోయింది, అందరం మర్చిపోయినాం.
గుండె మర్చిపోలా.

కాగితాలన్నీ రేషన్ కార్డు కవర్లోనే పెడతా.
ఇంగ్లీషు రాదు గానీ ఆ నాలుగు మాటలు గుర్తుపడతా.
పోయినేడు మైల్డ్. ఈ ఏడు మోడరేట్.
ఇంకో తలుపుకి ట్రివియల్,
అంటే ఉన్నా లేనట్టే, కోడలితో అత్త పలకరింపు.

"మిట్రల్ వాల్వు సంపూర్ణంగా మూసుకోవడం లేదమ్మా" అన్నాడు డాక్టరు.
నా పేరే సంపూర్ణ.
నవ్వొచ్చింది, చెప్పలా.
"పంపింగు అరవై శాతం, ఫస్టు క్లాసు!
ఎవరికైనా అంతే, మిగతా నలభైకి భయపడాకు."
నేను కాయలు లెక్కబెట్టే దాన్ని.
"ఆ అరవైలో వెనక్కి పొయ్యేది కూడా కలిసుంటాదా సార్?"
పెన్ను ఆపి మొదటిసారి నా మొహం చూసినాడు.
"కలిసుంటాది" అన్నాడు.

ఇరవై ఒక్క రోజులకోసారి సూది తప్పకూడదు.
పన్ను పీకించుకునే ముందర గుండె సంగతి చెప్పాల.
ఏడాదికి మళ్ళీ ఎకో, ఆయాసమొస్తే అంతకుముందే.
రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటావన్నాడు.
ఒకటే, అదీ దూది ఉండ కట్టింది.
"అలిపిరి మెట్లు ఎక్కచ్చునా?"
"మాట్లాడతా ఎక్కు. మాట ఆగితే నువ్వూ ఆగు."

తిరిగొచ్చే బస్సులో, చంద్రగిరి దాటినాక,
కవరు మీద చెయ్యి పెట్టుకోని కూచున్నా.
లోపల తలుపు వేస్తా, తీస్తా, సరిగ్గా వెయ్యకుండా,
నన్ను చిత్తూరు దాకా తెచ్చింది.

తెల్లారి బెల్టు.
ఒక కాయ వచ్చింది, మంచిదే,
తొడిమ పక్కన రూపాయి బిళ్ళంత మెత్తదనం.
మా గ్రేడింగులో మోడరేటు అనే గంప లేదు.
చేతిలో పెట్టుకోని నిలబడినా.
బెల్టు పోతానే ఉండాది.
"ఏం సంపూర్ణా, నిద్రా?" అరిచినాడు అంకిరెడ్డి.
"లేదన్నా," అన్నా, "చూస్తా ఉండా."