మేలుకొలుపు రిజిస్టరు

నాకు ఐదుగురిని దత్తత ఇచ్చిండ్రు.
స్టాఫ్ రూంల హెడ్మాస్టరు చీటీ చదివిండు:
"సి గ్రూపు, లెక్కల సారుకు."
పదో తరగతి పరీక్షలయ్యేదాక
వాళ్ల నిద్రకు నేను పూచీ.

పొద్దుగాల నాలుగున్నరకు ఫోన్ చెయ్యాలె.
లేచిండా, మొఖం కడిగిండా, పుస్తకం తెరిచిండా:
మూడు గళ్లు, మూడు టిక్కులు.
వారానికోపారి ఆ కాగితం
మండలం నుంచి జిల్లాకు పోతది.
జిల్లా నుంచి యాడికి పోతదో
నేను అడగలే.

మొదటి నంబరు ఎత్తేది నాయనమ్మ.
"పిల్లకు రాత్రి జొరమొచ్చింది సారూ,
జర సేపాగి చెయ్యి" అంటది,
పెండ్లి పిలుపుకు జవాబు చెప్పినంత మర్యాదగ.
రెండోది స్విచ్చాఫ్. మూడోది రాంగ్ నంబర్,
ఆయన నన్ను తిట్టి తిట్టి ఇప్పుడు అలవాటుపడ్డడు.
నాలుగోదాంట్ల మనిషి పలకడు,
కోడి ఒకటి కూసి కట్ అయితది.
దానికీ టిక్కు పెడ్త.
ఆ ఇంట్ల ఎవరో ఒకరు లేచిండ్రు గదా.

పగిళ్ల జాంగీర్ ఒక్కడే
మొదటి రింగుకే ఎత్తుతడు.
"లేసిన సార్."
గొంతుల నిద్ర మరక ఉండదు.
డిసెంబర్ నుంచి ఒక్కరోజు తప్పలే.
మీటింగుల వాని పేరు చెప్పిన.
ఆ నెల నా ఐదుగురి గ్రాఫు
వాని ఒక్కని భుజాల మీద పైకి లేచింది.
రెండో పీరియడ్ల వాడు బెంచీ మీద తూలితే మాత్రం
"శ్రద్ధ తక్కువ" అని రాసిన,
అది వేరే రిజిస్టరు.

ఫిబ్రవరి ఆఖర్ల ఒకనాడు
నల్లగొండ ట్రైనింగుకని తొలి బస్సు కోసం
గుర్రంపోడు రోడ్డు మీద నిలబడి ఉన్న.
టైమైంది, వానికి ఫోన్ కొట్టిన.
రోడ్డు అవతల, బత్తాయి లారీ పక్కన
చీకట్ల ఒక జేబు వెలిగింది.

"లేసిన సార్"
చెవుల ఒకసారి,
గాలిల ఒకసారి.

నెత్తి మీద సుట్టబట్ట, సుట్టబట్ట మీద ట్రే,
లారీకి ఆనించిన పలక మీద సగం దూరంల వాడు.
మొఖం కడిగినవా, అని అడిగిన,
నోటికి వచ్చిన వరుస అది, ఆగలే.
మోచేత్తోని చెమట తుడుసుకుండు.
"కడిగిన సార్."
పుస్తకం తెరిచినవా?
పైనున్నోడు ట్రే అందుకునేదాక వాడు పలకలే.
"తెరుస్తున్న సార్."

ట్రేలు లెక్కపెట్టుకుంట లెక్కలు నేర్సుకుంటున్నడేమో అని
ఒక ఆశ పుట్టింది నాకు, అబద్ధమెందుకు.
అట్లాంటిదేం లేదు.
లెక్క రాసుకునేది గుత్తేదారు, టార్చిలైటు పట్టుకొని.
వీడు మోస్తడు.

బస్సొచ్చింది. తువ్వాల నెత్తికి చుట్టుకొని
దొంగలెక్క ఎక్కిన.

తెల్లారి వానికి ఫోన్ చెయ్యలే.
నాలుగూ నలభైకి వాడే చేసిండు:
"ఇయ్యాల మీరు చెయ్యలే సార్,
మీ టిక్కు తప్పిపోతదేమో అని."

రిజల్ట్సు వచ్చినయి. లెక్కల్ల తప్పిండు.
"రోజూ లేచేటోడు ఎట్ల తప్పిండయ్యా?"
హెడ్మాస్టరు నా రిజిస్టరు తిరగేసిండు,
వెనకనుంచి ముందుకు, ముందునుంచి వెనక్కు.
యాడా ఖాళీ గడి లేదు.
కింద నా సంతకం, నీలం సిరాతోని.

సప్లిమెంటరీ దాక మళ్ల ఫోన్లు చెయ్యాలెనట.
ఫీజు కట్టి, రసీదు ఇచ్చుకుంట వాణ్ని అడిగిన:
ఎన్నింటికి చెయ్యమంటవురా?
కాలి బొటనవేలుతోని మట్టి గీకిండు కాసేపు.

"తొమ్మిదింటికి చెయ్యుండ్రి సార్.
అప్పుడైతే పండుకొని ఉంట."