నెట్టు కాడ మనిషి

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
చెక్క ఫ్లోరు ఇంకా అట్లనే ఉంది.
మూడో పలక మేకు అప్పుడూ లేచేది,
ఇప్పుడు దానిమీద ఎవరో టేపు అంటించినారు.
బొంబాయి మెయిలు దాటేటప్పుడు పైన రేకులు వణికేవి.
సర్వీసు ఆపి, షటిల్ చేతిలో పట్టుకొని
బండి పోయేదాకా నలుగురం గమ్మున నిలబడేవాళ్ళం
ఫోటోకు నిలబడినట్టు.

పంతొమ్మిదేండ్లు నేనూ దాదాపీరూ జోడీ.
నెట్టు కాడ నేను, పొట్టివాణ్ణి.
వెనక అతను, సిగ్నల్ స్తంభమంత పొడుగు.
హుబ్లీలో గెలిచినాం, సోలాపూర్‌లో ఓడినాం.
ఉన్నది ఒకటే కప్పు,
ఆర్నెల్లు వాళ్ళింట్లో, ఆర్నెల్లు మా ఇంట్లో.
మా ఆమె దాంట్లో చిల్లర వేసేది.
వాళ్ళ జరీనా ఆ చిల్లర లెక్కపెట్టకుండానే
మళ్ళీ కప్పుతోపాటే పంపేది.

"వీనికి బలముంది గానీ
దెబ్బ ఎప్పుడూ అరక్షణం లేటు"
అని కోచ్ దేవసహాయం గారు తిట్టేవారు.
నాకేం తెలుసు?
అతని స్మాష్ నేనెప్పుడూ చూడలేదు.
తల తిప్పితే పాయింటు పోతుంది.
విన్నాను, అంతే.
బూటు కీచుమనడం, ఊపిరి ఒకసారి లోపలికి పోవడం,
నా కుడిచెవి పక్కగా తెల్లగా ఏదో దాటడం.
మావాడు ఎంత గట్టిగా కొట్టినాడో
ఎదుటోళ్ళ మొహాల్లో చదువుకునేవాణ్ణి.

"నాదీ" అని అరిస్తే అతనిది.
ఎవరమూ అరవకపోతే ఇద్దరిదీ.
అట్ల ధర్మవరంలో నా చిటికెన వేలు విరిగింది.
పెన్షన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు
ఇప్పటికీ అదొక్కటే పక్కకు లేచి నిలబడుతుంది.

మోకాలు మార్పించుకున్నాక
ఈ ఆదివారం మొదటిసారి
కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా.
దాదాపీర్ ఆడుతున్నాడు, అరవై మూడేండ్లకు.
ముందర నా చోట్లో ఎవరో లోకోషెడ్డు పిల్లోడు.
షటిల్ పైకి లేచింది.
అందరూ షటిల్‌నే చూసినారు.
నేను దాదాపీర్‌ని చూసినా.

కొట్టే ముందు, ఒక్క రెప్పపాటు,
చూపు కిందికి దించినాడు
పిల్లోని మెడ మీదికి.
యాడున్నాడో, తగలకుండా ఎట్ల పోవాలో.
ఆ తర్వాతే చెయ్యి దిగింది.

ఆ రెప్పపాటుకు
పంతొమ్మిదేండ్లలో ఎన్ని పాయింట్లు పోయినాయో.
సోలాపూర్ ఫైనల్ కూడా అందులోనే పోయిందేమో.
తెలియకుండానే నా చెయ్యి
నా మెడ వెనక్కి పోయింది.

ఆట అయినాక వచ్చి పక్కన కూలబడినాడు.
"ఎట్లుంది?" అన్నాడు, టవల్లో మొహం పెట్టుకొని.
"లేటు కొడుతున్నావ్" అన్నా.
"ఎప్పుడూ అంతేలే" అన్నాడు
బూటు లేసులు విప్పుకుంటా.