పదికెన్ని

రాత్రి పదకొండున్నరకు నానక్‌రాంగూడల
ఏడో అంతస్తుల కూసొని
నేను చూడని రెండు ఊర్లకు మార్కులేస్త.

ఎడమ గడిల ఆస్టిన్,
కుడి గడిల పోర్ట్‌లాండ్.
ఒహాయోల ఎవరో మొగుడూ పెండ్లాం, ఓ ముసలి కుక్క,
ఊరు మారుతరట.
యాడ బతుకుడు మంచిగుంటదో
తెల్లారేటాళ్లకు నేను తేల్చి పంపాలె.

ఎండ కాడ ఆస్టిన్‌కు కోసిన.
చూస్తుంటె మా రామగుండం లెక్కనే కొట్టేటట్టుంది.
పోర్ట్‌లాండ్‌ల చలికాలమంత ముసురేనట.
ముసురంటె నాకు
బొగ్గుల మీద మక్కకంకి వాసన.
ఒక మార్కు ఎక్కువ పడ్డది.
ఎవ్వరికి చెప్పలే.

తర్వాత నైట్‌లైఫ్ వరుస.
బార్లెన్ని, పాటల హాళ్లెన్ని,
ఆఖరి బస్సు ఎన్నింటికి,
ఆడమనిషి ఒక్కతే నడుసుకుంట ఇల్లు చేరొచ్చునా.
ఈ గడి కాడ
ఎప్పుడైనా నా ఏలు ఆగుతది.
"ఫీలింగ్ రాయకు, నంబర్ రాయి"
అంటడు మా ఫణీందర్ సారు.
నంబరే రాసిన.

రెండున్నరకు బ్రేకు.
గేటు బయట మోపెడ్ మీద ఇడ్లీ డబ్బ కట్టుకొని
అంజమ్మ.
"ఇయ్యాల ఏ ఊర్లు బిడ్డా?"
చెప్పిన.
చట్నీ ఇంకో గంటె పోసుకుంట అడిగింది:
"ఆడ రాత్రిపూట బండి పెట్టుకోనిస్తరా,
పోలీసోళ్లు లేపుతరా?"

నా షీటుల ఆ వరుస లేదు.

నాలుగింటికి క్యాబ్.
తీగల వంతెన మీద లైట్లు
నీలం నుంచి గులాబీకి, గులాబీ నుంచి పచ్చకు,
చూసెటోడు ఒక్కడు లేకున్న మారుతనే ఉన్నయ్.
జూబ్లీహిల్స్‌ల పబ్బులు ఎప్పుడో మూసిండ్రు.
డివైడర్ మీద ఒక పిల్ల
చెప్పులు ఒళ్లె పెట్టుకొని ఫోన్ల ఏడుస్తంది,
పక్కన ఊడ్సెటామె
చీపురు ఆపి నిలబడ్డది,
పోదామా ఉందామా అన్నట్టు.
మా డ్రైవర్ సైదులు బండి కొంచెం స్లో చేసిండు.
ఏమనలే. మల్ల పోనిచ్చిండు.
ఈ ఊరికి పదికెన్ని వెయ్యాలె?

నెలాఖరుకు మా యూసుఫ్‌గూడ రూం ఖాళీ చెయ్యాలె.
నవనీత, నేను రెండు చూసినం.
ఒకటి మూసాపేట. మెట్రో ఆనుకొనే ఉంది,
కొత్త టైల్స్, లిఫ్టు,
ఓనరు మాత్రం నిలబెట్టి అడిగిండు:
"నైట్ డ్యూటీ అంటె ఏం డ్యూటీ?"
గేటు పదింటికి తాళం, పొద్దుగాల ఆరింటికి తీసుడు.
ఇంకోటి సీతాఫల్‌మండి.
నల్లా రోజు విడిచి రోజు,
రైలు పోయినప్పుడల్లా గిన్నెల స్టాండు వణుకుతది.
కింద పోర్షన్ల సుగుణకుమారి టీచరు,
రిటైరయ్యి పన్నెండేండ్లు,
నిద్ర పట్టక మూడింటికే లేస్తదట.
"గేటు నేనే తీస్త లే, ఛాయ తాగుతవా?" అన్నది
అడ్వాన్సు సంగతి మాట్లాడకముందే.

అదే షీటు తెరిచి
ఆస్టిన్ కొట్టేసి మూసాపేట రాసిన,
పోర్ట్‌లాండ్ కొట్టేసి సీతాఫల్‌మండి.
నీళ్లు, కిరాయి, దూరం, చప్పుడు,
కూడితె మూసాపేటకు తొమ్మిది మార్కులు ఎక్కువ.
రెండుసార్లు కూడిన.
అప్పుడు కింద ఇంకో వరుస గీసిన:
"నాలుగున్నరకు గేటు ఎవరు తీస్తరు"
దానికి పదికి ఇరవై ఏసిన.

పొద్దుగాల ఒహాయోకు మెయిల్ పోయింది, పోర్ట్‌లాండ్ అని.
వాళ్ల కుక్కకు ముసురు పడుతదో పడదో
అడగడం మర్చిపోయిన.

నవనీత ఇంక ఒప్పుకోలే.
లిఫ్టు కావాలంటది.
ఆమెది పగటి షిఫ్టు.