రెండువందల పద్నాలుగో చెరువు

ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ మేడమీద మా ఆఫీసు.
కింద దిమ్మ పగిలినప్పుడల్లా
బల్లమీద టీ గ్లాసు ఒకసారి వణుకుతుంది.

చెరువులో తేలే చిన్న డబ్బా
పావుగంటకోసారి నీటి ఊపిరి కొలిచి పంపుతుంది.
అడిగినవాళ్లకి దాన్ని అందించడం
నేను రాసిన ఏపీఐ పని.
మేత కంపెనీ అడుగుతుంది, బ్యాంకు అడుగుతుంది,
బీమావాళ్లు ఎలాగూ అడుగుతారు,
విశాఖలో ఎగుమతి ప్లాంటు కంటెయినరు మాట్లాడుకునే ముందు అడుగుతుంది.
ఇంతమందికీ ఒకటే గుమ్మం కట్టానని
లోలోపల కాస్త మురిసిపోయాను కూడా.
వాడేవాళ్ల కోసం పుస్తకంలా రాసి పెట్టాను, ఉదాహరణతో సహా.

ఆ ఉదాహరణే రెండువందల పద్నాలుగు.

అది ముంగర ఏడుకొండలు కౌలు చెరువు.
ఎకరంన్నర, ఉప్పుటేరు పక్కన.
ఆషాఢం మబ్బు, ఆకు కదల్లేదు.
తెల్లవారుజామున మూడున్నరకి
ఆక్సిజన్ నాలుగు నుంచి రెండున్నరకి జారింది.
కరెంటు లేదు, ఏరియేటర్లు చేతులు ముడుచుకున్నాయి.
డీజిలు క్యానుతో అతను తిరిగొచ్చేసరికి
గట్టుమీద వలలు, ట్రేలు, ఎవరివో టార్చిలైట్లు.
"రొయ్య తేలిపోతోందటగా!
కిలోకి యాభై తగ్గించుకో, ఇప్పుడే పట్టేస్తాం."

రొయ్య ఇంకా తేలలేదు.
ఆ సంగతి అప్పటికి
నీళ్లకి తెలుసు, డబ్బాకి తెలుసు, నా సర్వరుకి తెలుసు.

భయపడి అమ్మేశాడు.
మధ్యాహ్నం మా మెట్లెక్కాడు, కాళ్లకి బురద ఆరకుండానే.
గొంతు పెంచలేదు.
"నా చెరువుకి ఊపిరాడట్లేదని
నాకంటే ముందు వాళ్లకి చెప్పిందెవరమ్మా?"

రాత్రంతా లాగులు తిరగేశాను.
తాళం పగల్లేదు. గోడ దూకలేదెవరూ.
ఎనభై ఏడో చెరువు తాళంచెవితో
మర్యాదగా లోపలికొచ్చినవాడు
నంబరు మార్చుకుంటూ పోయాడు,
ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది, తొంభై,
సంతలో వంకాయలు ఏరుకున్నట్టు.
ప్రతిసారీ నేను "ఎవరు నువ్వు?" అని అడిగాను.
"ఇది నీదేనా?" అని
ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు వెంకయ్య వయ్యేరు లాకు మీద
లస్కరు కరీముల్లాకి ఇదంతా ఎందుకు చెప్పానో.
ఆయన షట్టరు మరకి గ్రీజు పూస్తూ నవ్వాడు.
"చెవి నా దగ్గరే ఉంటుందండి. అయినా రాత్రిపూట ఎవడో తిప్పుకుంటాడు.
పొద్దున్నే ఏ బోదె తడిసిందో చూసి
వాడెవడో తెలుసుకుంటాను."
"తెలిశాక?"
"తెలిశాక ఏముందండీ, చేను అప్పటికే తాగేసింది."

సరిదిద్దడానికి పట్టింది నాలుగు వరసలు.
ఇప్పుడు పరాయి నంబరు అడిగితే
నాలుగువందల మూడు అంటుంది. అంటే, నీకు లేదు, వెళ్లు.
నిమిషానికి ఇన్నిసార్లేనని వంతు కూడా పెట్టాను.
పుస్తకంలో ఉదాహరణ చెరువు నంబరు సున్నా,
ఎవరిదీ కాదు, నీళ్లు లేవు.
ఎనభై ఏడు చెవి రద్దయింది.
ఏడుకొండలు యాభై రూపాయలకి మాత్రం
నా దగ్గర ఏ కోడూ లేదు.

అతను డబ్బా నీళ్లలోంచి పీకేశాడు.
మకాంలో మేకుకి వేలాడదీశాడని విన్నాను,
వలకి, లాంతరుకి మధ్య.
ఆపడం మర్చిపోయాడో, ఆపడం రాదో.
పావుగంటకోసారి రెండువందల పద్నాలుగు నుంచి
ఒక అంకె వస్తూనే ఉంది,
అతని గదిలో గాలి ఎంత ఉందో.

అందింది, రెండువందలు, అంతా సవ్యం అని
ప్రతిసారీ
జవాబు పంపుతున్నాను.